బందరుతో ఆదివారం మ్యాచ్

దేవకుమారికి, దేవుని దయవల్ల నేను క్షేమం. ఫోన్ చేస్తే మాట మధ్యలో పెట్టేస్తున్నావు కాబట్టి, సెలవు మీద వస్తున్న జడ్సన్ చేతికి ఈ కార్డు ఇస్తున్నాను. చదవక తప్పదు.

మొన్నటి బేస్‌బాల్ మ్యాచ్‌లో మన ప్రవల్లిక ఆఖరి బంతి విసురుతుంటే, ఇక్కడ ఖతార్‌లో, మెసయీద్ ఉక్కు ఫ్యాక్టరీ క్యాంప్‌లో అన్నం కంచం పక్కన పెట్టేసి ఫోన్‌లో చూశాను. దాని గురి తప్పలేదు. ఆ గెలుపుతో మన భీమవరం కాలేజీ పాయింట్లలో బందరు వాళ్ళతో సమానమైంది. కప్పు ఎవరిదో ఈ ఆదివారం ఆ రెండు కాలేజీల మ్యాచ్‌లోనే తేలాలి. నువ్వేమో “ఆరాధన మానేసి ఆటలేంటి?” అని పిల్లని కదలనివ్వడం లేదు.

ఇక్కడ మాకు చర్చి శుక్రవారం, ఆదివారం పని. పెళ్ళయినప్పటినుంచీ నా ఆదివారాలన్నీ డ్యూటీలోనే పోయాయి. దాన్ని నువ్వు ఏనాడూ తప్పనలేదు. పిల్లని పంపించు.

బీపీ బిళ్ళలు మానకు. వంటింటి కప్పు కారడం ఆగిందా? జడ్సన్ తిరిగొచ్చేటప్పుడు రొయ్యల పచ్చడి పంపు. ఇద్దరికీ నా దీవెనలు.

ఆదివారం నువ్వు చర్చిలో ఉంటావు, నేను కొలిమి దగ్గర ఉంటాను, అది మైదానంలో ఉండాలి. ముగ్గురినీ చూసే దేవుడు ఒక్కడే.

నెహెమ్యా