తూము మీద కొలిచిన తాడు

అన్నయ్య గారికి చెల్లెలి నమస్కారాలు.

ముందు శుభవార్త చెప్పనివ్వండి. నిన్న అంత వానలోనూ రొయ్యలు పట్టేశాం. ఒక్క పెట్టె కూడా పాడవకుండా అన్నీ భీమవరం రోడ్డెక్కాయి. గట్టు మీద వాటిని మోసింది మా మామగారి పాత జీపే!

యాక్సిళ్లు విరిగిన ఆ జీపుకి మిలిటరీ బండివి వేయించమన్నారు మీరు. "వెడల్పుంటే బండి బోల్తా కొట్టదమ్మా, ఆడవాళ్లకి ఇవన్నీ ఏం తెలుస్తాయి?" అని మీ జీపుకీ అవే వేయించుకున్నారు. నేను మాత్రం గట్టు దారిలో మా చెరువు తూము మీద బండి దాటాల్సిన పలక వెడల్పుని కొబ్బరితాడుతో కొలిచి, ముడేసి, రాజమండ్రి పాత సామాన్ల యార్డుకి పట్టుకెళ్లాను. ప్రతి యాక్సిల్ మీదా ఆ తాడు పరిచి చూస్తుంటే యార్డువాళ్లు నవ్వారు. మిలిటరీవి ముడి దాటి జానెడు బయటికొచ్చాయి. చివరికి ముడి లోపలే ఉండి, పాతవాటికన్నా దిట్టంగా ఉన్న జత దొరికింది.

నిన్న సాయానికి మీరు పంపిన జీపు కూడా వచ్చింది. మీ డ్రైవరు సూరన్న మెల్లగానే పోనిచ్చాడు పాపం. తూము దగ్గర ఒక పక్క చక్రాలు పలక దాటిపోయి, బండి చెరువులోకి ఒరిగింది. సూరన్నకి దెబ్బలేం తగల్లేదు. మీ బండిని బయటికి లాగి, దారి చేసుకుని, పెట్టెలు దాటించింది కూడా మా జీపే.

"రాజుగారికి నేనేం చెప్పనండీ అమ్మగారూ?" అని సూరన్న ఒకటే బెంగ. ఏమీ చెప్పక్కర్లేదన్నాను. ఈ ఉత్తరంతో పాటు ఆ తాడు కూడా అతనికిచ్చి పంపుతున్నాను. ఈసారి యాక్సిళ్లు కొనేటప్పుడు ముడి దాటనివ్వకండి.

మీ చెల్లెలు