బేస్ గిటార్‌కి బుడ్డోడి ఎముక

మంగళవారం రాత్రి

బేస్ గిటార్‌కి కొత్త నట్ వేసేశాను. మెడ చివర తీగలు ఆనుకునే చిన్న ముక్క అది. పాత ప్లాస్టిక్‌ది పగిలి నెలయింది. అప్పుడే ఆర్కెస్ట్రా బాషన్నకి మెసేజ్ పెట్టాను. "బెంగళూరు నుంచి తెప్పిస్తే వచ్చేలోపల ముసిలోడైపోతావప్పా. ఎముకతో చేసుకో, ఇంకా బాగా మోగుతాది" అన్నాడు.

ఎముక దొరికింది. పోయిన వారం ఊరి దేవర జాతరలో అమ్మవారికి కోసిన మా పొట్టేలుది. పాలసీసాతో నేనే పెంచాను, బుడ్డోడు అని పిలిచేవాణ్ణి. ఆ రోజు కూర తినలేదు. ఏడుపూ రాలేదు. కాలి ఎముక ఒకటి తీసి దాచుకున్నాను. ఉడకబెట్టి, జిడ్డు పోయేదాకా ఎండబెట్టి, ఈరోజు ఆకురాయితో అరగదీసి నాలుగు గాట్లు పెట్టాను.

తీగలు బిగిస్తుంటే నాయన వచ్చాడు.

"యాడిదిరా ఆ ఎముక?"

"బుడ్డోడిది నాయనా."

"అమ్మోరికి ఇచ్చినాక మనదెట్లయితాదిరా? పీకి పారేయ్."

నేను చివరి తీగ కూడా బిగించేశాను. నాయన అక్కడే నిలబడి చూసి "ఏదీ, ఒకసారి వాయించు" అన్నాడు. లావు తీగ మీటాను. అదురు నా పొట్టకి తెలిసింది. నాయన గొర్రెల దొడ్డి వైపు వెళ్లిపోయాడు.

ఉంచమన్నట్టా, తీసేయమన్నట్టా? అడగలేదు.

ఇందాక బాషన్న "సౌండెట్లుండాది?" అని మెసేజ్ పెట్టాడు. బాగుందని రాశాను. నిజంగానే బాగుంది.

రేపు నాయన మళ్లీ తీయమంటే తీసేస్తానేమో. దేవర రోజు బుడ్డోడి తాడు విప్పి, అడగ్గానే ఆయన చేతికి ఇచ్చింది కూడా నేనే.