టీ ఎవరిది, బజ్జీ ఎవరిది

ఎలిశబెతుకు అబ్రహాము రాయడం. ప్రభువు దయవల్ల బాగున్నాను. ఫోనులో చెబుదామంటే అంగట్లో మౌలా పక్కనే ఉంటాడు, నాకు మాట రాదు. అందుకే కార్డు.

కావలి బస్టాండు ఎదురుగా పెద్ద బేకరీ తెరిచినాక మన అంగడికీ, పక్కన మౌలా అంగడికీ జనం తగ్గారు. మొన్న మౌలా, "అన్నా, ఇద్దరం అదే టీ, అదే బజ్జీ ఎందుకు? ఒకరు టీ పెడదాం, ఒకరు బజ్జీ ఏద్దాం. వచ్చినోళ్లను ఒకరి దగ్గరికి ఒకరు పంపుకుందాం" అన్నాడు. నేను తల ఊపాను. ఎవరు ఏదో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

తెల్లారి చూస్తే ఇద్దరమూ టీయే కాచాము. రెండు బాణళ్లూ బోర్లించే ఉన్నాయి. ఆటోవాళ్లు ఒకటే నవ్వు. "ఏం పెద్దాయనా, మీ పొత్తులో తినేదేం లేదా?" అన్నారు. మౌలా భార్య దిల్షాద్ నా మీదికి లేచింది. "కూతురి కాన్పుకని అక్క ఊరికి పోతే, అక్క వేసే బజ్జీలు మేం లాక్కుంటామా? వచ్చినాక ఏ మొహం పెట్టుకుని చూసేది అన్నా?" అంది.

పొయ్యి దగ్గర నిలబడి నీ మోకాళ్లు వాచిపోతున్నాయని నేను బజ్జీ వాళ్లకు వదిలాను. ఇప్పుడేమో నీకు విశ్రాంతి ఇచ్చానో, నీ పని తీసేశానో తెలియడం లేదు.

నీలం దుప్పటి ఎక్కడ పెట్టావు? లిల్లీకి నొప్పులు మొదలైతే వెంటనే కబురు చెయ్యి. తల్లినీ బిడ్డనూ దేవుడు కాపాడాలని రోజూ అడుగుతున్నాను.

మౌలాకు ఏం చెప్పను? నీ మనసులో ఉన్నదే రాయి. నా కోసం సరేనని రాయొద్దు.

అబ్రహాము