ఖాళీ పీరియడ్ లేని సదస్సు

అత్తయ్యకి నమస్కారాలు.

ఇంట్లో నన్ను అర్థం చేసుకునేవాళ్ళు లేక నీకు రాస్తున్నాను. ఇంత చదివి చివరికి సభల్లో కుర్చీలు వేయించే పనిలో కుదిరానని అమ్మ వీధంతా చెప్పుకొస్తోంది. నేను చేసేది అది కాదు. స్ఫటికం మీద ఎక్స్‌రే పడితే అవతల చుక్కలు పడతాయి. ఆ చుక్కల్ని బట్టి లోపల ఏ పరమాణువు ఎక్కడుందో కంప్యూటర్ చేత లెక్క కట్టించేవాళ్ళ సదస్సు ఇది. ఎవరు ఏ గదిలో, ఎవరి తర్వాత మాట్లాడాలో తేల్చేది నేను. అందులో నా ప్రసంగమూ ఉంది. పెద్దవాళ్ళు కట్టిన లెక్కల్లో తప్పులు పట్టే ప్రోగ్రాం రాశాను. కార్యక్రమం చిత్తుప్రతి పంపుతున్నాను. చూపించి అమ్మకు నువ్వే నచ్చజెప్పు.

నీ మేనకోడలు

తా.క. టీలు ఎక్కువ చెబితే మిగిలిపోతాయని నాన్న సలహా.

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

టైమ్‌టేబుళ్ళు వేసి వేసి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మేనత్త ఉండగా ఇదేం గందరగోళమే? ఒకే గంటకు రెండు గదుల్లో పాఠాలైతే పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? ఒక గది కొట్టేశాను. ‘స్వేచ్ఛా చర్చ’ అని గంటలు గంటలు వదిలేశావు. ఖాళీ పీరియడంటే గోలే. అక్కడ లెక్కలు పెట్టాను. ఇద్దరు ప్రొఫెసర్ల పేర్ల దగ్గర ‘పక్కపక్కన వద్దు’ అని పెన్సిల్‌తో రాశావు. విడదీస్తే ఎప్పటికీ మారరు. ఒకే బెంచీ మీద వేశాను.

మీ అత్తయ్య

తా.క. తిరగరాసి మీ సదస్సు అధ్యక్షుడికి పంపాను. హెడ్‌కి చెప్పకుండా టైమ్‌టేబుల్ మార్చడం మర్యాద కాదు.

అత్తయ్యకి, కోపంగానే నమస్కారాలు.

ఆయన నవ్వి అవతల పారేస్తాడనుకున్నాను. పొంగిపోయాడు. ఏటా రెండు గదుల మధ్య పరుగెత్తి మోకాళ్ళు అరిగాయట. ఉన్నదున్నట్టు అచ్చుకిచ్చాడు. ఆ ప్రొఫెసర్లిద్దరికీ ఇప్పుడు ఒకే మైకు. అదీ పోనీ, నా ప్రసంగమేది? వెతగ్గా వెతగ్గా అట్టడుగున ‘వందన సమర్పణ’ దగ్గర తేలాను. రెండేళ్ళ పని అత్తయ్యా అది.

నీ మేనకోడలు

తా.క. గంట గంటకూ బెల్లు కొట్టాలని రాశావట. బెల్లు కొన్నారు.

చిరంజీవికి,

నోరు తగ్గించు. పిలిచినవాళ్ళం మనం. వచ్చినవాళ్ళకంటే ముందు మనమే కూర్చుంటామా? పైగా పెద్దల తప్పులు పెద్దల ఎదుటే దిద్దుతావా? మా స్కూల్లో అయితే గుమ్మం బయట నిలబెట్టేదాన్ని. వందన సమర్పణేం తక్కువా? జనం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టేది అప్పుడే, ఇంటికి పోవచ్చని.

మీ అత్తయ్య

తా.క. మీ అధ్యక్షుడు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. వాక్యాలు కుదరలేదు. ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపాను. మీ అమ్మకూ నచ్చజెప్పాను. కుర్చీలు కాదే, బెల్లు కొట్టే పని అని.

అత్తయ్యకి నమస్కారాలు.

నువ్వు దిద్దిన ఉత్తరాన్ని ఆయన గోడకు అంటించుకున్నాడు. ఇలాంటి మనిషి కమిటీలో ఉండాలి, చోటే లేదు, అని నా దగ్గర వాపోయాడు. పిలిచినవాళ్ళు ముందు కూర్చోకూడదన్న నీ మాట కూడా సబబే. అందుకని నిన్న కమిటీకి రాజీనామా ఇచ్చాను. నా చోట్లో నిన్ను వేయించాను. ఆ ప్రొఫెసర్లనూ వందన సమర్పణనూ ఇక నువ్వే చూసుకో. అందుకు బదులుగా ఆయన తన ప్రారంభోపన్యాసం గంట నాకిచ్చేశాడు. నేను పట్టిన తప్పుల్లో మొదటిది ఆయనదేనని ముందే చెప్పాను.

నీ మేనకోడలు

తా.క. నేనిప్పుడు పిలిచినవాళ్ళలో లేను, వచ్చేవాళ్ళలో ఉన్నాను. మొదటి రోజు మొదటి గంట మాట్లాడుతున్నాను.