లంబూని మాయం చేసింది నేనే

బుజ్జీ, పాలు కాచి పెట్టాను. తాగాకే కంప్యూటర్ తెరువు.

నీకు చెప్పకుండా నీ కంప్యూటర్ ఆట నేర్చుకుని, సాయంత్రం నీతో ఆడదామని పొద్దున కూర్చున్నాను. ఆటలోని దెయ్యాలు నన్ను నాలుగుసార్లు చంపాయి. మీదపడటం మానేస్తాయని 'శాంతం' కమాండ్ కొట్టాను. అన్నీ మాయమైపోయాయి. నువ్వు బోనులో పెట్టుకుని పెంచుతున్న దెయ్యం, లంబూ కూడా పోయాడు. వెంటనే కమాండ్ మార్చాను. కొత్త దెయ్యాలు వచ్చాయి గానీ వాడు రాలేదు.

"నాన్నా, ఒక్కసారి లంబూని చూడవా?" అని నెల రోజులు బతిమాలావు. డ్యూటీ ఉందంటూ తప్పించుకున్నాను. తప్పు నాదే తల్లీ. తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యి, బస్సు నడుపుతుంటే మాత్రం ఎత్తను, ఆపగానే నేనే చేస్తాను.

నాన్న

కమాండ్ కొట్టేటప్పుడు వాడి బోను ముందే ఉన్నాను. తల పక్కకి వంచి నన్నే చూశాడు. నువ్వెందుకంత ముద్దు చేసేదానివో అప్పుడు తెలిసింది.