ఒట్టు పెట్టని సాక్షి

మా అన్న యెషయాను హత్య కేసులోంచి బయటపడేసే ఒకే ఒక్క సాక్షిని కింది కోర్టు నోరు తెరవనీయకుండా పంపేసింది. ఆ సంగతి మీరు రాసిన అప్పీలులో ఎక్కడా లేదు వకీల్ సాబ్. మొత్తం రెండుసార్లు చదివిన.

హత్య జరిగిన సాయంత్రం అన్న మెట్టుగూడలో ప్రేమమణి ఆంటీ ఇంట్లో, ప్రార్థన కూటంలో డోలక్ వాయిస్తున్నాడు. ఆ మాట చెప్పడానికే ఆమె బోనెక్కింది. దేవుని మీద ప్రమాణం చెయ్యమన్నారు. బైబిల్ వద్దన్నదని మా సంఘంలో ఎవరూ ఒట్టు పెట్టరు. "అబద్ధమాడేదాన్నైతే కదా అయ్యా ఒట్టు" అన్నది. "ప్రమాణం లేకుంటే సాక్ష్యం లేదు, దిగమ్మా" అన్నాడు జడ్జి. అప్పటి మా వకీలు కుర్చీలోంచి సుత లేవలేదు. అన్నకు యావజ్జీవం పడ్డది.

నేను ఆరో తరగతితో ఆపేసి వెల్డింగ్ చేసుకునేటోణ్ణి. ప్రమాణాల చట్టం కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివిన. అయిదో సెక్షన్ చూడండి. ఒట్టు వద్దనుకునే సాక్షి, నిజమే చెప్తానని మాటిస్తే చాలు. నాకు దొరికింది మీకెందుకు దొరకలేదు? పోయిన వారం అడిగితే "ముసలామె మాట ఎవరు వింటరు తమ్మీ, పరేషాన్ గాకు" అన్నారు. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఇంకెన్నాళ్లు ఆగుతది?

ఆమెను మళ్లీ విచారించమని హైకోర్టులో పిటిషన్ వెయ్యండి. వెయ్యనంటే సోమవారం జైలు ములాఖత్‌లో అన్నతో వకాలత్ మార్పిస్తా. వేస్తారో లేదో నాకు కాగితం మీద కావాలి, శనివారం సాయంత్రం ఆరింటి లోపల.