చివరి ఓడని వదిలిన తరవాత

అమ్మకి,

నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. నువ్వక్కడ క్షేమమని చదివి మనసు కుదుటపడింది. ఇక్కడి క్షేమం గురించి రాయాల్సిన వాక్యానికి చోటు వదిలి కిందికి వస్తున్నాను, అది చివర్లో రాస్తాను. కోప్పడకు.

ముందు నీ ప్రశ్నలు. తమ్ముడి దగ్గు తగ్గింది. వేళకి తింటున్నాడా అంటే, వాడి వేళకి తింటున్నాడు. జుట్టు మాత్రం కత్తిరించుకోలేదు, టగ్గు పడవ మీద గాలికి అదే ఎగిరిపోతుందట. కూరలో ఉప్పెంత వేయాలో తెలియనిదానివి రేవుకి లెక్కలు కడుతున్నావా అని వెక్కిరించావు. ఉప్పు సంగతి ఇంకా అలాగే ఉంది.

లెక్క సంగతి చెప్తాను. తుఫాను వస్తుందంటే ఓడలు రేవులో ఉండకూడదు, గోడకి కొట్టుకుని బద్దలవుతాయి. నడిసముద్రంలోకి పంపేయాలి. రేవు ముఖద్వారం ఇరుకు, ఒక్కొక్కటే వెళ్లాలి. ఒక్కోదాన్నీ తాళ్లతో లాగి బయట వదిలి రావడానికి తమ్ముడు పనిచేసే టగ్గు ఒక్కటే ఉంది. ఏ ఓడ ముందు, ఏది వెనక అన్నది నా కంప్యూటర్ తేలుస్తుంది. లక్షల వరసలు వేసి చూసి, మనుషులకి ప్రమాదం అన్నిటికంటే తక్కువ ఉన్న వరస ఇస్తుంది. ఎవరు మనుషులో, ఏది ప్రమాదమో దానికి చెప్పేది నేనే.

ఈ ఉదయం ఓడలు కదలడం మొదలయ్యాక కాస్త తీరిక దొరికి నీ ఉత్తరం మళ్లీ తీశాను. చివర్లో అడిగావు కదా, "ఇంతకీ నీ లెక్కలో చిన్నోడు ఎక్కడుంటాడే?" అని. గొప్పగా రాద్దామని తెర మీద వెతికాను.

వాడు లేడమ్మా. ఓడల్లో ఉన్న ప్రతి మనిషినీ లెక్కలోకి ఎక్కించాను. టగ్గుని మాత్రం క్రేన్ల పక్కన, సామాన్ల కింద పెట్టాను. క్రేను మళ్లీ ఇంటికి రానక్కర్లేదు. చివరి ఓడని బయట వదిలేసరికి ముఖద్వారంలో లేచే అలలు టగ్గుని లోపలికి రానివ్వవు. పెద్ద ఓడ బయట తుఫానుని తట్టుకుంటుంది, టగ్గు తట్టుకోదు.

టగ్గులో ఉన్న ఐదుగురినీ మనుషుల్లో కలిపి మళ్లీ లెక్క వేయించాను. చివరి ఓడని కదపొద్దు, తాళ్లు రెట్టింపు వేసి, అందులోవాళ్లని ఒడ్డుకి దింపేయండి అని తేలింది. రేవు అధికారి గదికి పరిగెత్తాను. ఓడ పోతే సమాధానం ఎవరు చెప్తారన్నాడాయన. తరవాత నన్నే చూస్తూ మెల్లగా అడిగాడు.

"మీ తమ్ముడు అందులో లేకపోతే ఇది మీ కంట పడేదా?"

"తెలీదండీ" అన్నాను.

ఆయన చివరి ఓడని ఖాళీ చేయించమని కేకేసి వైర్‌లెస్ అందుకున్నాడు. అప్పటికే టగ్గు చివరిదానికి ముందు ఓడని లాక్కుంటూ రేవు దాటిపోయింది. దాన్ని వదిలి వెంటనే తిరిగి రమ్మన్నాడు. సరేనన్నారు. ఆ తరవాత ఎంత పిలిచినా గరగర తప్ప మాట లేదు. నా గదికి వచ్చి కిటికీలోంచి చూస్తే వాన తప్ప ఏమీ కనబడలేదు. ఈ ఉత్తరం మొదలుపెట్టింది అప్పుడే. పైన అక్షరాలు వంకర్లు పోయింది అందుకే. నీకు ఆ క్షేమం వాక్యం ఏమని రాయాలో తెలియక చోటు వదిలాను.

ఇంతలో తలుపు తోసుకుని వాడు వచ్చాడు, నిలువునా తడిసి. "అక్కా, టీ ఉందా?" అన్నాడు. వాడి వెనకే మిగతా నలుగురూ. ఇన్నేళ్లుగా ఈ కిటికీలోంచి ఆ టగ్గుని చూస్తున్నాను, వాళ్ల మొహాలు చూడటం ఇవాళే. ఒకాయనకి నాన్న వయసుంటుంది. వణికిపోతుంటే నా శాలువా ఇచ్చాను.

గాలి పెరిగింది, అద్దాలు అదురుతున్నాయి. కింద ఆ ఖాళీ ఓడ తాళ్లు తెంపుకుంటుందేమోనని భయం. నా లెక్కలో ఇంకా ఎవరిని సామాన్ల కింద పెట్టానో అని అంతకన్నా భయం.

వదిలేసిన వాక్యం ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడ మేం ఆరుగురం క్షేమం.

ఇట్లు,
నీ పెద్దపిల్ల